అమెరికా అంతర్యుద్ధం: పట్టుబడ్డవాళ్ళను ఇళ్ళకు ఎందుకు పంపలేదు?

సందేహాల_సుబ్బారావు
పోయిన నెల లాంగ్ వీకెండ్‌లో, మావాడి స్కూలు ప్రాజెక్టు పుణ్యమా అని, జార్జియాలో ఆండర్సన్‌విల్ వెళ్ళాం. అంతర్యుద్ధంలో (1861-65), బానిసత్వం నిలుపుకోవడానికి దేశం నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల వాళ్ళు తమకు దొరికిన ఉత్తరాది సైనికులను ఉంచిన చోటు. అసలు పేరు క్యాంప్ సమ్టర్. గోడలు, ఊచలు, చీకటి గదులు చూడబోతున్నాం అని పిల్లాడికి దారంతా చెప్పాను. తీరా చూస్తే ఏమీ లేదు. పచ్చగడ్డి, పల్లంలో ఒక సన్నటి వాగు, గడ్డిలో రెండు వరసలుగా పాతిన తెల్లటి గుంజలు. అంతే. బయటి వరస ఉన్న చోట ఒకప్పుడు దుంగల గోడ ఉండేదట. లోపలి వరస 'డెడ్ లైన్'. గోడకు 19 అడుగుల లోపల ఒక పల్చటి కంచె. అది దాటితే పైన మంచె మీదున్న కాపలావాడు అడక్కుండా కాల్చేయొచ్చు.

1864 ఫిబ్రవరి నుంచి 14 నెలల్లో ఆ గడ్డి మీదికి 45,000 మందిని తెచ్చి పడేశారు. దాదాపు 13,000 మంది అక్కడే పోయారు. పక్కనే శ్మశానం. రాళ్ళు ఎంత దగ్గరగా ఉంటాయంటే, రాయికీ రాయికీ మధ్య చెయ్యి పట్టదు. మనిషి పక్కన మనిషిని భుజాలు ఆనించి పాతారట.

మావాడు అడిగింది ఒకటే. "నాన్నా, రెండువైపులా ఒకే దేశం వాళ్ళే కదా. తిండి పెట్టలేనప్పుడు ఇంటికి పంపేయొచ్చుగా?" నా దగ్గర జవాబు లేదు. పుస్తకంలో యుద్ధాలకు ఇరవై పేజీలు, వీళ్ళకు నాలుగు లైన్లు. తెలిసినవాళ్ళు చెప్పండి.

ఇంకోటి. అక్కడి అధికారి హెన్రీ వర్జ్‌ను ఉరి తీశారు కదా. మరి ఆ ఊళ్ళో ఆయనకే పెద్ద రాతి స్తంభం కట్టారు. ఇదేం లెక్క?

కోడిపుంజు77
యుద్ధం అండీ. అయిపోయింది. థ్రెడ్ మూసేయండి.

నిద్రరాదు
మూయడానికి నువ్వెవరివయ్యా. రాత్రి రెండయింది, నాకు ఇలాంటిది ఒకటి కావాలి ఇప్పుడు.

చరిత్రచీమ
సుబ్బారావు గారూ, మీవాడు అడిగిన ప్రశ్నకు మొదటి జవాబు: పంపేవాళ్ళు. కొంతకాలం నిజంగానే పంపారు.

1862 జులై 22న రెండు పక్షాలూ ఒక ఒప్పందం రాసుకున్నాయి. ఉత్తరాది తరఫున జనరల్ డిక్స్, దక్షిణాది తరఫున జనరల్ హిల్ సంతకాలు చేశారు, అందుకే డిక్స్-హిల్ కార్టెల్ అంటారు. పట్టుబడ్డవాణ్ణి పది రోజుల్లోగా 'పెరోల్' మీద వదిలేయాలి. అంటే మళ్ళీ నా పేరు మార్పిడి జాబితాలోకి ఎక్కేదాకా తుపాకీ పట్టను అని మాట ఇచ్చి వెళ్ళిపోవడమే. మార్పిడికి ఒక రేటు పట్టిక కూడా ఉండేది. సిపాయికి సిపాయి. లెఫ్టినెంటుకు నలుగురు సిపాయిలు, కెప్టెన్‌కు ఆరుగురు, కల్నల్‌కు 15 మంది, మేజర్ జనరల్‌కు 40 మంది, సైన్యాధిపతి దొరికితే 60 మంది.

దాదాపు ఏడాది ఈ పద్ధతి బాగానే నడిచింది. చెరలు చాలావరకు ఖాళీ అయ్యాయి కూడా. 1863 మధ్యలో ఆగిపోయింది, విడిగా ఒకరిద్దరిని మార్చుకోవడం తప్ప. ఆండర్సన్‌విల్ లాంటివి పుట్టింది ఆ తర్వాతే. కాబట్టి అసలు ప్రశ్న 'ఎందుకు పంపలేదు' కాదు, 'ఎందుకు ఆపేశారు'.

కోడిపుంజు77
జనరల్‌కు 60 మందా! మా ఆఫీసులో ఇలాంటి పట్టిక పెడితే మా మేనేజరుకు బదులు ఒక ప్రింటరు ఇస్తే చాలు. అదీ ఇంకు లేనిది.

పాతట్రంకుపెట్టె
చీమ గారు చెప్పనిది ఒకటి. పెరోల్ మీద వదిలేసిన ఉత్తరాది సైనికులు ఇళ్ళకు వెళ్ళడానికి వీల్లేదు, మేరీలాండ్‌లో అనాపొలిస్ దగ్గర సొంత ప్రభుత్వం పెట్టిన క్యాంపులో కూర్చోవాలి. మొదట్లో ఇళ్ళకే పంపారు గానీ, కొందరు కావాలనే పట్టుబడి హాయిగా ఇల్లు చేరుతున్నారని పై వాళ్ళకు అనుమానం వచ్చింది. లీవు దొరకనివాడికి శత్రువే దిక్కు!

లెక్కల_మాస్టారు
ఆపింది ఎవరో వేరే చెప్పాలా? ఉత్తరాది జనరల్ గ్రాంట్. ఆయన లెక్క చాలా సింపుల్. ఉత్తరాదికి జనం ఎక్కువ, పోయినవాడి చోటికి ఇంకొకడు వస్తాడు. దక్షిణాదికి రాడు. ఒక దక్షిణాది సిపాయిని వదిలితే రేపు మళ్ళీ ఎదురుగా తుపాకీతో నిలబడతాడు. కాబట్టి ఇవ్వకు. 1864 ఆగస్టులో ఆయన రాసిన ఉత్తరంలో ఇదే ఉంది: దక్షిణాది చెరల్లో ఉన్న మనవాళ్ళకు ఇది కష్టమే, కానీ యుద్ధంలో మిగిలి ఉన్నవాళ్ళ పట్ల ఇదే దయ అని. అంటే అప్పుడు ఆండర్సన్‌విల్ లోపల ఉన్న 33,000 మందిని ఆయన కొట్టేసిన అంకెల్లో వేశాడు. సొంత సైనికులను!

మీవాడికి ఇదే రాయమనండి.

చరిత్రచీమ
మాస్టారూ, తారీఖులు చూడండి. మార్పిడి ఆగింది 1863లో. గ్రాంట్ మొత్తం సైన్యానికి అధిపతి అయింది 1864 మార్చిలో. ఆయన రాకముందే ఆగిపోయినదాన్ని ఆయన ఎలా ఆపుతాడు?

ఆగడానికి అసలు కారణం నల్లజాతి సైనికులు. ఉత్తరాది అధ్యక్షుడు లింకన్ వాళ్ళను సైన్యంలోకి తీసుకున్నాడు. వీళ్ళు దొరికితే మాకు యుద్ధ ఖైదీలు కారు, పారిపోయిన బానిసలు, వీళ్ళకు నాయకత్వం వహించే తెల్ల అధికారులు తిరుగుబాటు రెచ్చగొట్టిన నేరస్థులు అని దక్షిణాది అంది. 1862 డిసెంబరులో దక్షిణాది అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ ప్రకటన, 1863 మేలో వాళ్ళ కాంగ్రెస్ తీర్మానం ఇదే చెప్పాయి. అందరినీ ఒకేలా మార్చుకుంటేనే మార్పిడి అని ఉత్తరాది పట్టుబట్టింది. మిసిసిపీ నది ఒడ్డున విక్స్‌బర్గ్‌లో ఉత్తరాది పెరోల్ మీద వదిలినవాళ్ళను సరిగ్గా మార్పిడి చేయకుండానే దక్షిణాది మళ్ళీ సైన్యంలోకి తీసుకుందని ఇంకో తగాదా. ఇవన్నీ కలిసి ఒప్పందం కూలింది.

1864 అక్టోబరులో దక్షిణాది సేనాని లీ స్వయంగా గ్రాంట్‌కు మార్పిడి ప్రతిపాదన పంపాడు. గ్రాంట్ ఒక్కటే అడిగాడు, నల్ల సైనికులను కూడా తెల్లవాళ్ళతో సమానంగా ఇస్తారా అని. మా పౌరుల సొత్తు అయిన వాళ్ళు మార్పిడి కిందికి రారని లీ జవాబు. అయితే వద్దు అన్నాడు గ్రాంట్. అక్కడితో సరి.

లెక్కల_మాస్టారు
సరే, మొదలుపెట్టింది ఆయన కాదు, ఒప్పుకున్నా. సగం మార్కు వేసుకోండి. కానీ కొనసాగడం ఆయనకు లాభం. లాభం లేకపోతే ఆ సూత్రం మీద అంత గట్టిగా నిలబడేవాడా?

చరిత్రచీమ
ఆ మిగతా సగం మార్కు మీద పుస్తకాలు రాసినవాళ్ళే ఇంకా కొట్టుకుంటున్నారు. మీ దగ్గరే ఉంచుకోండి.

అట్లాంటా_అల్లుడు
అందరూ ఆండర్సన్‌విల్ అనగానే రాక్షసులు అన్నట్టు మాట్లాడతారు. దక్షిణాదికే తిండి లేదు బాబూ. రేవులన్నీ ఉత్తరాది నౌకలు దిగ్బంధం చేశాయి. రైలు పట్టాలు అరిగిపోయాయి. 1863 ఏప్రిల్‌లో రాజధాని రిచ్‌మండ్‌లోనే ఆడవాళ్ళు రొట్టె కోసం దుకాణాలు పగలగొట్టారు. సొంత సైన్యానికే సగం తిండి. ఆండర్సన్‌విల్ కాపలావాళ్ళు కూడా దాదాపు అదే తిన్నారు, వాళ్ళూ రోగాలతో పోయారు. లేనిది ఎక్కడి నుంచి పెడతారు?

నేను ఇక్కడికి వచ్చి పన్నెండేళ్ళయింది. పక్క వీధిలో ఒక పెద్దాయన ఉన్నాడు, వాళ్ళ ముత్తాత తాత ఎవరో దక్షిణాది సైన్యంలో ఉండి ఉత్తరాది చెరలో పోయాడట. ఆ పెద్దాయన కథ ఎవరూ అడగరు.

డాక్టరమ్మ
తిండి సంగతి ఒక డాక్టరుగా చెప్తాను. పేపర్ మీద రేషన్ ఉంది, కడుపులోకి వెళ్ళింది వేరే. ఇచ్చింది మొక్కజొన్న పిండి, అదీ గింజతో పాటు బెండును కూడా కలిపి మరలో వేసింది. ఆ బెండు పొట్టు అప్పటికే పాడైన పేగులను గీరేస్తుంది. కూరగాయలు లేవు, పండ్లు లేవు. నెల తిరిగేసరికి స్కర్వీ, అంటే విటమిన్ సి లేక వచ్చే జబ్బు. చిగుళ్ళు ఉబ్బి పళ్ళు ఊడతాయి, ఎప్పుడో మానిన పాత గాయాలు కూడా మళ్ళీ తెరుచుకుంటాయి. ఇది చదివి తెలుసుకున్నదే, మా తరం డాక్టర్లం కళ్ళతో చూసేది కాదు.

రెండోది నీళ్ళు. లోపలికి ఒకటే వాగు. పైన కాపలావాళ్ళ గుడారాలు, వంటశాల, వాటి మురికి అందులోకే. కింద ఖైదీల మరుగుదొడ్డీ అదే వాగు. ఒడ్డంతా బురద. ఎక్కువమందిని చంపింది తుపాకీ కాదు, విరేచనాలు, రక్త విరేచనాలు, స్కర్వీ.

1864 సెప్టెంబరులో జోసెఫ్ జోన్స్ అనే దక్షిణాది డాక్టరు అక్కడికి వచ్చాడు. వైద్యం చేయడానికి కాదు, రోగాలను అధ్యయనం చేయడానికి. అన్ని వేల మంది రోగులు ఒకేచోట మళ్ళీ దొరకరని కాబోలు. ఆయన రాసుకున్న రిపోర్టే తర్వాత వర్జ్ కేసులో ఉత్తరాది లాయర్లకు సాక్ష్యంగా పనికొచ్చింది. అదొక విచిత్రం.

లెక్కల_మాస్టారు
నేను చోటు లెక్క వేశా. మొదట 16.5 ఎకరాలు, 10,000 మందికని కట్టారు. 1864 జూన్‌లో 26.5 ఎకరాలకు పెంచారు. ఆగస్టుకు 33,000 మంది. మనిషికి 35 చదరపు అడుగులు. ఐదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు. అంటే ఒక డబుల్ కాట్. అందులోనే వాగు, బురద, డెడ్ లైన్ అవతలి చోటు కూడా తీసేయాలి. జనం లెక్కన చూస్తే దక్షిణాదిలో అయిదో పెద్ద ఊరు. ఇళ్ళు లేని ఊరు.

నిద్రరాదు
@అట్లాంటా_అల్లుడు తిండి లేదు, సరే. నీడకేం వచ్చింది? చుట్టూ పైన్ అడవి. ఆ దుంగలతోనే కదా గోడ కట్టారు. లోపల ఒక్క షెడ్డు వేయలేదు. జార్జియా ఎండలో, వానలో ఆ మనుషులు దుప్పటి ముక్కలు, కోట్లు, కర్రపుల్లలు కలిపి తామే పందిళ్ళు వేసుకున్నారు. 'షెబాంగ్' అనేవాళ్ళు వాటిని. అది కూడా లేనివాడు నేలలో గొయ్యి తవ్వుకుని పడుకున్నాడు. వంటకు చెరుకు కట్టెలు లేక పిండి పచ్చిగా తిన్నవాళ్ళున్నారు, గోడకు అవతల అడవి ఉండగా!

ఇది నేనంటున్నది కాదు. దక్షిణాది సొంత ఇన్‌స్పెక్టర్ కల్నల్ చాండ్లర్ 1864 ఆగస్టులో చూసి, ఈ చోటు మన జాతికి మచ్చ అనే అర్థం వచ్చేలా రిపోర్టు రాశాడు. పై అధికారి జనరల్ విండర్‌ను తీసేయమన్నాడు. రిచ్‌మండ్‌లో ఏమైందా ఫైలు? ఏమీ కాలేదు.

కోడిపుంజు77
'చెరుకు కట్టెలు' ఏంటి సామీ. జార్జియాలో చెరుకు తోటలు కూడా పెట్టావు.

నిద్రరాదు
పొయ్యి కట్టెలు. నిద్ర లేదన్నాగా.

మామ్మ_ఎల్మైరా
మీరంతా దక్షిణాది గురించే మాట్లాడుతున్నారు. నేను మా అమ్మాయి దగ్గర న్యూయార్క్ రాష్ట్రంలో ఎల్మైరా పక్కన ఉంటున్నాను. ఇక్కడా ఒకటి ఉండేది నాయనా, ఉత్తరాది వాళ్ళు దక్షిణాది వాళ్ళను పెట్టింది. ఖైదీలు దాన్ని 'హెల్‌మైరా' అనేవారట, హెల్ అంటే నరకం కదా. 1864 జులై నుంచి ఏడాది పాటు నడిచింది. సుమారు 12,100 మంది వస్తే 2,963 మంది పోయారు.

ఇక్కడ దిగ్బంధం లేదు, రైళ్ళు నడుస్తున్నాయి, పంటలు పండుతున్నాయి. అయినా మంచులో చాలామంది గుడారాల్లోనే ఉన్నారు. ఎక్కడో అలబామా ఎండకు అలవాటుపడ్డ పిల్లలు. క్యాంపు మధ్యలో మురికి నీటి మడుగు. అన్నిటికంటే నాకు కడుపు రగిలేది ఏమిటంటే, గోడ బయట మంచెలు కట్టి, డబ్బులు తీసుకుని, ఊళ్ళోవాళ్ళకు లోపలున్న ఖైదీలను చూపించేవారు. జూలో చూపినట్టు.

లెక్కల_మాస్టారు
ఆండర్సన్‌విల్: వందకు 29 మంది. ఎల్మైరా: వందకు 24 మంది. మామ్మగారి మాటలో పస ఉంది.

నిద్రరాదు
ఉత్తరాదికి మరీ సిగ్గు. ఖైదీల వ్యవహారాలు చూసే విలియం హాఫ్‌మన్, దక్షిణాదిలో మనవాళ్ళను మాడుస్తున్నారు కాబట్టి ఇక్కడా తగ్గిద్దాం అని 1864లో రేషన్ కోయించాడు. అలా మిగిల్చిన ఖాతాల్లోంచి యుద్ధం అయ్యాక 18 లక్షల డాలర్లు ఖజానాకు తిరిగి కట్టాడు. లేక పెట్టకపోవడం ఒకటి. ఉండి పెట్టకుండా, మిగిలిందని చిల్లర వాపసు ఇవ్వడం ఇంకొకటి.

అట్లాంటా_అల్లుడు
ఇదే నేను మొదటి నుంచీ అనేది!

నిద్రరాదు
కాదు. నువ్వన్నది 'లేదు కాబట్టి పెట్టలేదు' అని. నేనంటున్నది ఇద్దరూ పెట్టగలిగినంత పెట్టలేదని. కలిపేయకు.

గట్టుమీద_మోడరేటర్
వ్యక్తిగతంగా వెళ్ళకండి. అల్లుడు గారూ, మీరు కూడా.

కోడిపుంజు77
నాకొక డౌటు, ఈసారి జోకు కాదు. ఇంతమందిలో ఎవరూ పారిపోలేదా?

పాతట్రంకుపెట్టె
అడిగావా! ఇది నా సబ్జెక్టు, కూర్చో.

రిచ్‌మండ్‌లో లిబ్బీ అని ఒక చెర. ఒకప్పుడు ఓడల సరుకుల గిడ్డంగి. అందులో ఉత్తరాది ఆఫీసర్లను పెట్టారు. కింద నేలమాళిగలో ఒక గది నిండా గడ్డి, చీకటి, ఎలుకలు. ఎంత ఎలుకలంటే కాపలావాళ్ళు కూడా అటు తొంగిచూసేవాళ్ళు కాదు. దానికి 'ర్యాట్ హెల్' అని పేరు. కల్నల్ థామస్ రోజ్‌కు అదే వరమైంది. వంటగది పొయ్యి వెనక ఇటుకలు తీసి, ఆ సందులోంచి ఎలుకల గదిలోకి దిగి, అక్కడి నుంచి సొరంగం. ఉలి, దొరికిన చెక్కముక్కలు, మట్టి లాగడానికి ఉమ్మితొట్టి. రాత్రిళ్ళు తవ్వడం, తెల్లారేలోగా ఇటుకలు మళ్ళీ యథాతథంగా పేర్చడం.

1864 ఫిబ్రవరి 9 రాత్రి 109 మంది ఆ కన్నంలోంచి బయటికొచ్చి వీధిలో మామూలు మనుషుల్లా నడుచుకుంటూ వెళ్ళిపోయారు. 59 మంది ఉత్తరాది సైన్యాన్ని చేరారు. 48 మంది మళ్ళీ దొరికారు. ఇద్దరు నదిలో మునిగిపోయారు. రిచ్‌మండ్‌లోనే ఉంటూ ఉత్తరాదికి గూఢచర్యం చేసిన ఎలిజబెత్ వాన్ లూ కొందరికి తలదాచుకోవడానికి సాయం చేసింది.

మరి తవ్విన రోజ్? మళ్ళీ పట్టుబడ్డాడు. తర్వాత మార్పిడిలో బయటపడ్డాడు.

కోడిపుంజు77
కన్నం వేసినవాడు దొరికాడు, వెనక వచ్చినవాళ్ళు ఇల్లు చేరారు. గ్రూప్ ప్రాజెక్టు అంటే ఇంతే.

డాక్టరమ్మ
రిచ్‌మండ్ అన్నారు కాబట్టి మా వృత్తి ఆవిడ ఒకరు గుర్తొచ్చారు. డాక్టర్ మేరీ వాకర్. ఉత్తరాది సైన్యంలో సర్జన్‌గా పనిచేస్తూ 1864 ఏప్రిల్‌లో పట్టుబడింది. ప్యాంటు వేసుకుని తిరిగే ఆడమనిషిని చూసి రిచ్‌మండ్ పత్రికలకు పండగే పండగ. నాలుగు నెలలు క్యాసిల్ థండర్ అనే చెరలో ఉంచి ఆగస్టులో ఒక దక్షిణాది సర్జన్‌కు బదులుగా వదిలారు. డాక్టరుకు డాక్టరు, మగవాడికి సమానంగా నన్ను లెక్కకట్టారు అని ఆవిడకు జీవితాంతం గర్వం. చీమ గారి రేటు పట్టిక చదువుతుంటే అదే తలపుకొచ్చింది. 1865లో మెడల్ ఆఫ్ ఆనర్ (అమెరికాలో అన్నిటికంటే పెద్ద సైనిక పతకం) ఇచ్చారు, 1917లో రద్దు చేశారు, 1977లో మళ్ళీ ఇచ్చారు. తిరిగి ఇమ్మంటే ఆవిడ ఇవ్వలేదు, చివరిదాకా పెట్టుకునే తిరిగింది.

సందేహాల_సుబ్బారావు
ఒక్క ప్రశ్నకు ఇంత వస్తుందనుకోలేదు. ఆఫీసులో మీటింగులో కూర్చుని దొంగచాటుగా చదువుతున్నా.

శ్మశానంలో ఆరు సమాధులు మిగతావాటికి దూరంగా విడిగా ఉన్నాయి. మావాడు వీళ్ళకేమైనా అంటురోగమా అన్నాడు. అక్కడి గైడు చెప్పింది విని మా ఆవిడ ఇంక చాలు పదండి అంది. తోటి ఖైదీలనే దోచుకున్న ముఠా నాయకులట. చీమ గారూ, కాస్త వివరంగా చెప్తారా?

చరిత్రచీమ
వాళ్ళ పేరు 'రైడర్స్'. కొత్తగా లోపలికి వచ్చినవాడి దగ్గర దుప్పటి, గడియారం, కాస్త డబ్బు ఉంటాయి కదా, రాత్రి మీదపడి లాక్కునేవాళ్ళు. ఎదురు తిరిగితే చంపేవాళ్ళు. దుప్పటి పోవడమంటే అక్కడ ఇల్లు పోవడమే. చివరికి మిగతావాళ్ళు జట్టు కట్టి పట్టుకున్నారు. వర్జ్ అనుమతితో, ఖైదీల్లోంచే జ్యూరీని పెట్టి విచారణ జరిపారు. 1864 జులై 11న ఆరుగుర్ని ఉరి తీశారు. ఉరి తీసిందీ ఖైదీలే. మా పక్కన పాతొద్దు అన్నదీ వాళ్ళే. అందుకే ఆ ఆరు రాళ్ళూ వేరు.

అట్లాంటా_అల్లుడు
చూశారా, అనుమతి ఇచ్చింది వర్జ్. మార్పిడి మొదలుపెట్టమని ఖైదీలు రాసుకున్న అర్జీని వాషింగ్టన్ తీసుకెళ్ళడానికి కొందరు ఖైదీలను వదిలింది కూడా వర్జే. పై అధికారి విండర్ 1865 ఫిబ్రవరిలో చచ్చి బతికిపోయాడు. డేవిస్‌కు అసలు విచారణే జరగలేదు. దొరికింది యాసగా ఇంగ్లీషు మాట్లాడే స్విట్జర్లాండ్ మనిషి. కేసులో ముఖ్య సాక్షి ఒకడు తను లాఫయెట్ (అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో సాయపడ్డ ఫ్రెంచ్ సేనాని) వంశస్థుడినని చెప్పుకున్నాడు, తర్వాత చూస్తే పేరే దొంగపేరు, సైన్యం నుంచి పారిపోయినవాడు. 1865 నవంబరు 10న ఉరి. సుబ్బారావు గారు చూసిన స్తంభం 1909లో దక్షిణాది మహిళా సంఘం కట్టించింది. నేను స్తంభం కట్టాలనడం లేదు. బలిపశువు అంటున్నాను, అంతే.

నిద్రరాదు
బలిపశువు అయినంత మాత్రాన చేతులకు రక్తం అంటలేదని కాదుగా. వేట కుక్కలతో ఖైదీలను పట్టించడం, సంకెళ్ళు, బొండకొయ్య శిక్షలు ఒక్క దొంగ సాక్షి చెప్పినవి కావు, వందమందికి పైగా వచ్చి చెప్పారు. సాక్షి దొంగ అయితే వాడి మాట తీసేయ్. మిగతావాళ్ళ మాట?

అయితే ఒక్కణ్ణి ఉరి తీసి ఫైలు మూశారన్నది నిజం. ఎల్మైరాకు ఎవరినీ తీయలేదు.

లెక్కల_మాస్టారు
రెండువైపులా కలిపి చెరల్లో పోయింది సుమారు 56,000 మంది. ఉరి ఎక్కిన అధికారులు వేళ్ళ మీద లెక్క.

చరిత్రచీమ
ఇందాక నల్ల సైనికుల దగ్గర మొదలుపెట్టి మళ్ళీ తెల్లవాళ్ళ కథలోకే వెళ్ళిపోయాం, నాతో సహా. ఆండర్సన్‌విల్‌లో వాళ్ళు కొద్దిమందే. ఎందుకు కొద్దిమంది అంటే, చాలాచోట్ల చేతులెత్తినా ప్రాణాలతో వదల్లేదు. 1864 ఏప్రిల్ 12న టెనెసీలో ఫోర్ట్ పిల్లో దగ్గర జరిగింది అదే. ఫ్లోరిడాలో ఒలస్టీ యుద్ధంలో దొరికిన కొందరు ఆండర్సన్‌విల్ చేరారు. వాళ్ళచేత పని చేయించారు. వాళ్ళ తెల్ల అధికారి మేజర్ బోగల్ గాయాలతో వస్తే, నల్లవాళ్ళకు నాయకత్వం వహించాడన్న కసితో ఆసుపత్రిలో వైద్యం చేయలేదు.

1863 జులై 30నే లింకన్ ఉత్తర్వు ఇచ్చాడు. మా సైనికుణ్ణి నియమాలకు విరుద్ధంగా చంపితే మీ ఖైదీని చంపుతాం, బానిసగా అమ్మితే మీ ఖైదీని కఠిన శ్రమలో పెడతాం అని. కాగితం మీద బాగుంది. ఫోర్ట్ పిల్లో తర్వాత కూడా అది అమలు కాలేదు.

కోడిపుంజు77
ఉత్తరాది చెరల్లో ఉన్న దక్షిణాది వాళ్ళు పార్టీ మారే అవకాశం లేదా? ఈ రోజుల్లో అయితే రాత్రికి రాత్రి కండువా మార్చేసేవారు.

పాతట్రంకుపెట్టె
ఉంది. దాదాపు 6,000 మంది మార్చారు. ప్రమాణం చేసి ఉత్తరాది యూనిఫాం వేసుకున్నారు. దక్షిణాది మీదికి పంపితే ఎలా ఉంటుందో అని పడమటి సరిహద్దుకు పంపారు, బళ్ళదారులు కాపలా కాయడానికి, ఆదివాసులతో పోరాడటానికి. 'గాల్వనైజ్డ్ యాంకీలు' అనేవాళ్ళు, యాంకీ అంటే ఉత్తరాదివాడు. లోపల ఇనుమే, పైన జింకు పూత.

కోడిపుంజు77
గోడ మీద పిల్లులకు ఇంత మంచి పేరు మనవాళ్ళు పెట్టలేదే!

నిద్రరాదు
నవ్వకు. రోజూ పక్కవాడి శవం మోసేవాడికి గోడ దూకడం మోసం అనిపించదు.

మామ్మ_ఎల్మైరా
శవాలంటే చెప్పాలి. ఎల్మైరాలో పోయినవాళ్ళను పాతిపెట్టినాయన పేరు జాన్ జోన్స్. వర్జీనియాలో బానిసగా పుట్టి 1844లో పారిపోయి ఇక్కడికి చేరాడు. పారిపోయి వచ్చే ఇతర బానిసలను రైలెక్కించి కెనడా వైపు పంపేవాడు. ఆయన చేతికే వచ్చాయి, తనలాంటివాళ్ళను బానిసలుగా ఉంచడానికి పోరాడిన సైన్యం శవాలు. ఒక్కో ఖననానికి రెండున్నర డాలర్లు ఇచ్చారు. ఆ పిల్లల పేరు, రెజిమెంటు, పోయిన తేదీ సీసాలో పెట్టి శవంతో పాటు ఉంచి, పెట్టె మీద మళ్ళీ రాసి, వరసలో నంబరు వేసి, పుస్తకంలో ఎక్కించాడు. దాదాపు 3,000 మంది. పేరు తెలియనివాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. ఊళ్ళో ఆయన ఇల్లు ఇప్పుడు మ్యూజియం. మా అమ్మాయి నన్ను రెండుసార్లు తీసుకెళ్ళింది.

సందేహాల_సుబ్బారావు
మామ్మగారూ, ఆండర్సన్‌విల్‌లో కూడా ఇలా ఒకడున్నాడని గైడు చెప్పాడు, పేరు మర్చిపోయా. కుర్రవాడు.

మామ్మ_ఎల్మైరా
డోరెన్స్ అట్‌వాటర్ అయి ఉంటాడు. ఉత్తరాదిలో కనెటికట్ రాష్ట్రం కుర్రాడు, అక్కడ ఖైదీ. చక్కటి చేతిరాత ఉందని ఆసుపత్రిలో చావుల జాబితా రాసే పనిలో పెట్టారు. ఈ పుస్తకం ఉత్తరాది వాళ్ళ చేతికి రానివ్వరని అనుమానం వచ్చి, రహస్యంగా ఇంకో కాపీ రాసుకుని కోటు లోపల దాచి బయటికి తెచ్చాడు. సమాధుల మీద ఉన్నది నంబర్లే. ఆ జాబితా పట్టుకుని 1865 వేసవిలో క్లారా బార్టన్ అనే పేరున్న నర్సు, అతను, మరికొందరు వెళ్ళి నంబరుకు పేరు కలిపి పలకలు పాతారు. 460 మందికి మాత్రమే పేరు దొరకలేదు.

కోడిపుంజు77
మెడల్ ఇచ్చారా మరి?

మామ్మ_ఎల్మైరా
జైల్లో పెట్టారు. ఆ జాబితా ప్రభుత్వ సొత్తు, నువ్వు దొంగిలించావు అని సొంత సైన్యమే కోర్టు మార్షల్ చేసింది. రెండు నెలలు ఉండి బయటికొచ్చి, 1866లో న్యూయార్క్ ట్రిబ్యూన్ వాళ్ళచేత అచ్చు వేయించాడు. కొడుకు ఎక్కడున్నాడో తెలియని తల్లులు ఆ కాగితాల్లో వెతుక్కున్నారు. తర్వాత ఎక్కడో తహితి దీవికి అమెరికా కాన్సుల్‌గా వెళ్ళి అక్కడే పెళ్ళి చేసుకున్నాడు. బాగా చేశాడు, నన్నడిగితే.

పాతట్రంకుపెట్టె
ప్రాణాలతో బయటపడ్డవాళ్ళ కథ ఇంకా ఘోరం. 1865 ఏప్రిల్‌లో ఆండర్సన్‌విల్ నుంచి, అలబామాలో కహాబా చెర నుంచి వదిలిన ఖైదీలను విక్స్‌బర్గ్‌లో 'సుల్తానా' అనే ఆవిరి పడవ ఎక్కించారు. దానికి 376 మందే పరిమితి. ఎక్కించింది 2,000 మందికి పైగా. ప్రభుత్వం తలకు ఇంత చొప్పున కిరాయి ఇస్తుంది, అందులో వాటాలు. బాయిలర్‌కు అతుకు వేసి బయల్దేరారు. ఏప్రిల్ 27 తెల్లవారుజామున మెంఫిస్ దాటాక పేలింది. వెయ్యి మందికి పైగా పోయారు. ఎండిపోయిన ఒళ్ళు, వరద మీదున్న మిసిసిపీ. ముందురోజే లింకన్ హంతకుడు బూత్‌ను చంపారు, పత్రికల్లో ఇంక దీనికి చోటెక్కడ?

అట్లాంటా_అల్లుడు
ఇది నాకు తెలియదు.

లెక్కల_మాస్టారు
పరిమితికి అయిదు రెట్లు పైన.

సందేహాల_సుబ్బారావు
రాత్రి మావాడికి ఇవన్నీ చదివి వినిపించా, ఫోర్ట్ పిల్లో కాస్త దాటేసి. రేటు పట్టిక విని చాలాసేపు నవ్వాడు. తర్వాత, "మరి వాళ్ళు నల్ల సైనికుడి రేటు ఎంత రాశారు?" అన్నాడు. ఆ రోజుల్లో పట్టికలో ఆ గడే లేదురా అన్నాను. ప్రాజెక్టుకు చార్ట్ మీద ఆ పట్టిక గీసి కింద ఒక ఖాళీ గడి వదిలేస్తాడట. టీచరు మార్కులు తీసేస్తే మీదే బాధ్యత.

కోడిపుంజు77
తీసేస్తే మాస్టారు దగ్గర ఒక సగం మార్కు ఖాళీగా ఉంది.

సందేహాల_సుబ్బారావు
మామ్మగారూ, వేసవి సెలవుల్లో అటు వస్తే ఆ జోన్స్ ఇల్లు తెరిచి ఉంటుందా?

మామ్మ_ఎల్మైరా
వేసవిలో ఉంటుంది, అన్ని రోజులూ తియ్యరు, ముందు ఫోన్ చేసి రండి. శ్మశానం రోడ్డు దాటితే ఎదురుగానే. పిల్లాడికి టోపీ పెట్టండి, అక్కడ చెట్లు తక్కువ.